ఆ అమ్మాయి థీసిస్‌లో నా తప్పు

పంతొమ్మిదేళ్లుగా నా తప్పు ఇంకొకరి పేరు మీద బతుకుతోంది. బరువు మోస్తున్నది నేనే అనుకునేవాణ్ణి. కాదు. మోసింది ఆ అమ్మాయి.

విజయనగరంలో జువాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి. నలభై మంది చేత పీహెచ్‌డీలు చేయించానని చెప్పుకుంటాను. కోతలు. ఆరుగురు. సరే, ఐదుగురు, ఆరోది ఆ అమ్మాయిది, నేను పూర్తి కానివ్వలేదు. అయినా వచ్చే వారం కుర్ర లెక్చరర్లకు మంచి గైడ్ ఎలా ఉండాలో చెప్పమని నన్నే పిలిచారు. వస్తానన్నాను. ఒళ్లు మండిపోతోంది. పిలిచినవాళ్ల మీద కాదు.

ఆ అమ్మాయి తల్లి చేపలమ్మేది. నేను రెండు వేర్వేరు జాతులని తేల్చిన చేపల్ని ఒకరోజు ఆ అమ్మాయి ల్యాబ్‌లో ట్రేలో పెట్టి నన్ను పిలిచింది.

"ఇవి ఒక్క జాతి సేపలే సార్. ఇవి మగవి, అవి ఆడవి. కోసి సూసాను. మా యమ్మనడిగినా సెప్తాది."

"ముందు చేప అనడం నేర్చుకో. ఆడామగా తర్వాత తేలుద్దాం."

ల్యాబంతా నవ్వింది. ఆమె నోట్‌బుక్ తెరిచింది.

"మరేటి రాయమంటారు సార్?"

"నేను చెప్పింది."

మా అమ్మా సేప అనే అనేది. కోటబొమ్మాళిలో పెరిగిన నేనూ అలాగే అనేవాణ్ణి. మరి ఎందుకన్నాను? ఆమె చెప్పింది తప్పనుకునా? అందరూ వెళ్లాక ఆ చేపల కడుపులు నేనే చూశాను. ఒక రకంలో అన్నింటా గుడ్లు, రెండో రకంలో ఒక్కదానికీ లేవు. ఆమెదే నిజం. కానీ రెండు జాతులంటూ నేను రాసిన పేపరు అప్పటికే అచ్చయింది, దాన్నే చూపించి ప్రొఫెసర్ పదవికి దరఖాస్తు పెట్టుకున్నాను.

ఆ తర్వాత ఆమె నన్నేమీ అడగలేదు. చెప్పింది రాసుకుపోయింది. దాన్ని క్రమశిక్షణ అని మెచ్చుకున్నాను కూడా, వెధవని.

వైవాలో బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ ఆ రెండు జాతుల పేజీ దగ్గరే ఆగాడు. ఈ జాతుల గుర్తింపు ఎవరు చేశారని అడిగాడు. ఆమె నా వైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను. "నేనే సార్" అంది. గుర్తింపు తప్పని థీసిస్ తిప్పి పంపారు. ఆమె మళ్లీ రాలేదు.

భయమా? పదవి మీద ఆశా? ఏ పేరు పెట్టినా తప్పించుకోవడమే. ఆమె ఎక్కడుందో తెలియదు, వెతకనూ లేదు. ఇది రాస్తుంటే కాస్త ఊపిరాడుతోంది, అందుకూ నా మీద నాకు కోపంగానే ఉంది.

ఎగ్జామినర్ గారూ, ఆ గుర్తింపు నాది. అది తప్పని ఆమె ముందే చెప్పింది. నేనే రాయించాను.