కోపం లేని ఫోటోలు

మా అక్క ఒక స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోలు సరిచేసేది. నాలుగేళ్లలో అది ఆరో ఉద్యోగం. మిగతా అయిదూ పోయింది పని రాక కాదు. ఎవరో తనవంక అదోలా చూశారని సంచీ భుజాన వేసుకుని మధ్యాహ్నానికే వచ్చేసేది. "నీకు తుమ్మినా తప్పే, దగ్గినా తప్పే," అనేది అమ్మ. ఇదీ పోతే ఇక గది దాటనని అక్క ముందే చెప్పింది.

అక్కను చూసే డాక్టరమ్మ మాకు విడమరిచి చెప్పింది. మెదడులో అపాయాన్ని పసిగట్టే భాగం అక్కకు చప్పున మేలుకుంటుంది. దాన్ని అదుపు చేయాల్సిన, నుదుటి వెనకున్న భాగం ఆలస్యంగా అందుకుంటుంది. అందుకే ఏ భావమూ లేని ముఖం కూడా ఆమెకు కోపంగా తోస్తుంది. "నటన కాదమ్మా, ఆమెకు నిజంగానే అలా కనబడుతుంది."

పాస్‌పోర్టు ఫోటోలో నవ్వకూడదు. రోజంతా తెరమీద నవ్వని ముఖాలే. మచ్చలు తుడుస్తూ తుడుస్తూ అక్క పెదవుల కొసలను వెంట్రుకవాసి పైకి లాగడం మొదలుపెట్టింది. ఆమె దృష్టిలో అది కోపం తీసెయ్యడమే. ఆ నెల పదకొండు ఫోటోలు పాస్‌పోర్టు ఆఫీసు నుంచి తిరిగొచ్చాయి.

చివరగా వచ్చిన పెద్దాయన కవరు బల్లమీద పెట్టాడు. "నేను పుట్టాక ఇలా నవ్వింది లేదమ్మా. మా ఆవిడ ఎవరీయన అని అడుగుతోంది."

ఓనరుకు నవ్వు ముంచుకొచ్చింది. పెద్దాయన నొచ్చుకుంటాడని దవడ బిగించి ఆపుకున్నాడట. అదే ముఖంతో అక్కవైపు తిరిగి, "రేపట్నుంచి మొహాలొద్దులేమ్మా, ఫ్రేములు కట్టు," అన్నాడు.

మర్నాడు అక్క వెళ్లలేదు. ఆయనే నాకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాడు. "పంపించమ్మా. అద్దంమీద గీత పడకుండా కట్టేది ఆమె ఒక్కతే."

అక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ముంజేతికి మళ్లీ రుమాలు, పాత గాయాలున్న చోటే. నేను అడగలేదు.

"అక్కా, ఆయన నిన్ను తీసెయ్యలేదు. పని మార్చాడంతే."

"నువ్వా మొహం చూళ్లేదు."

"నవ్వాపుకున్నాట్ట."

"నీకలా చెప్పాడు. పళ్లు కొరకడం నేను చూశాను."

"పోనీ ఒకసారి అడుగు. డాక్టరమ్మ అడిగి తెలుసుకోమంది కదా."

"అడిగితే మాట మారుతుందే. మొహం మారదు."

ఓనరు శనివారం దాకా ఆగాడు. సోమవారం ఆ కుర్చీలో ఇంకొకామె కూర్చుంది. దాచలేక చెప్పేశాను.

"చూశావా," అంది అక్క. ఆ వారం రోజుల్లో మొదటిసారి ఆమె గొంతు వణకలేదు.