అలిపిరిలో ఇచ్చిన దుప్పటి

అది 1945, మార్గశిర మాసం. తిరుపతిలో ఒక ఆడపిల్లల ఎలిమెంటరీ స్కూల్లో నేను ఆయాను. ఆయా అంటే గంట కొట్టేది, కుండల్లో నీళ్లు నింపేది, చిన్న తరగతి పిల్లల ముక్కులు తుడిచేది, ఏడుపు ఆపని పిల్లను చంకనేసుకొని ఇంటి దగ్గర దించి వచ్చేది, అన్నీ నేనే. చదివింది మూడో తరగతి వరకే గానీ, ఏ పిల్ల ఏ బల్ల మీద ఎవరి పక్కన కూర్చునేదో ఇప్పటికీ చెప్పగలను. పిల్లల్ని కాచుకోవడం కూడా ఒక పనేనా అని అడిగేవాళ్లకు నేను ఈ ఒక్క సంగతే చెబుతాను.

యుద్ధం అయిపోయిందన్నారు గానీ గుడ్డల కంట్రోలు అట్లాగే ఉండేది. కార్డు చూపించి, ఎండలో నిలబడి తెచ్చుకున్న గజాలతోనే ఇంటిల్లిపాదీ గడపాలి. కలిగిన ఇళ్లలోనే పాత చీరలకు మాసికలు పడుతుంటే, అలిపిరిలో కొండెక్కే యాత్రికుల దగ్గర చెయ్యి చాపే బీదవాళ్ల సంగతి చెప్పాలా? గోనెసంచులు కప్పుకొని మంటపాల కింద ముడుచుకొని ఉండేవాళ్లు.

మా హెడ్ టీచరమ్మ మంచి మనిషి. చేత్తో ఇచ్చే గుణం చిన్నప్పుడే అలవాటు కావాలని ఆమె పట్టుదల. ప్రతి పిల్లా ఇంటి నుంచి ఒక పాత గుడ్డ తేవాలనీ, శనివారం పొద్దున అందరం వరసగా నడిచిపోయి పంచిపెడదామనీ ప్రార్థన దగ్గర చెప్పింది. పిల్లలకు హుషారు పుట్టాలని ఇంకో మాట కలిపింది. అందరికన్నా ఎక్కువ గుడ్డలు తెచ్చిన పిల్ల వరసలో ముందు నడుస్తుందట. నేను మూటలు విప్పబోతే నన్ను ఆపింది.

"ఆయమ్మా, నువ్వు చెయ్యి పెట్టొద్దు. మడతలు పెట్టేదీ, మోసేదీ, ఇచ్చేదీ అంతా పిల్లలే చేసుకోవాల."

సరేనని నేను పక్కకు తప్పుకున్నాను.

ముందు నడిచే భాగ్యం రెండో తరగతి సుగుణకు దక్కింది. బట్టల అంగడి ఆయన కూతురు, ఏడేళ్ల పిల్ల. మూడు గుడ్డలు తెచ్చింది. రెండు జడలూ ఊపుకుంటూ దారి పొడుగునా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది, అందరూ తనను చూస్తున్నారా లేదా అని. అలిపిరిలో మంటపం కింద ఎనిమిది నెలల ఆడబిడ్డను ఒళ్లో పెట్టుకొని కూర్చున్న ఒకామెను తనే ఎంచుకొని, దుప్పటి ఒకటి బిడ్డ మీద కప్పి, చేతులు జోడించింది. ఆ తల్లి సుగుణ బుగ్గలు పుణికి వేళ్లు ముద్దుపెట్టుకుంది. అది చూసి టీచరమ్మ కళ్లు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను.

మధ్యాహ్నం స్కూలుకు వచ్చి, గంపలో మిగిలిన రెండు మూడు గుడ్డల్ని బీరువాలో పెడదామని తీశాను. ఒక తుండుగుడ్డ విదిలిస్తే నేల మీద ఏవో రాలాయి, ఎండిన పొట్టు మాదిరి. వంగి చూశాను. పొట్టు కాదు. అమ్మవారు పోసి ఆరిన పుండ్ల పక్కులు.

మాది చాకలి ఇల్లు. మశూచి సోకిన ఇంట్లో జబ్బు తగ్గి మూడో తలంటు నీళ్లు పోశాక ఆ మనిషి కట్టి విడిచిన గుడ్డలన్నీ చాకలికే వేస్తారు. మా అమ్మ వాటిని వేరే మూట కట్టి, ఊరికి దూరంగా సౌడు మట్టి వేసి ఉడకబెట్టేది. ఆ గుడ్డల్ని నేను పుట్టినప్పటి నుంచి చూశాను. ఆరేళ్లప్పుడు నాకూ పోసింది. నా ముఖం మీది గుంటలు దానివే. ఒకసారి పోసినవాళ్లకు మళ్లీ రాదు కాబట్టి నాకోసం నాకు భయం లేదు. కానీ అలాంటి తుండుగుడ్డ పొద్దున సుగుణ మూటలో చూసిన గుర్తు.

సుగుణను బయటికి పిలిచాను.

"ఈ తుండుగుడ్డ నువ్వే తెచ్చినావా మే?"

"అవును ఆయమ్మా. పావడా నాది. దుప్పటీ, ఇదీ మా యన్నవి."

"మీ అన్నకు ఏమైంది?"

ఆ పిల్ల అటూ ఇటూ చూసి నా చెవి దగ్గరికి వచ్చింది. "ఎవురికీ చెప్పొద్దనింది మా యవ్వ. అన్నకు అమ్మవారు పోసిండ్య. మొన్న మూడో నీళ్లు పోసినారు. ఇప్పుడు బాగుండాడు, ఉప్మా కావాలని ఏడస్తాండాడు."

"గుడ్డలు ఎవురిచ్చినారు నీకు?"

"ఎవురూ ఈలేదు. చాకలాయనకు ఎయ్యాలని మా యవ్వ దొడ్లో మూట కట్టి పెట్టింది. టీచరమ్మ పాతగుడ్డలే కదా తెమ్మనింది?"

జబ్బు సంగతి బయటపడితే సర్కారు మనుషులొచ్చి బిడ్డను ఊరి బయట షెడ్డుకు ఎత్తుకుపోతారని ఆ ఇంటివాళ్లు అమ్మవారు పోసిన గుర్తుగా కట్టే వేపమండలు వీధి గుమ్మానికి కట్టకుండా లోపలి తలుపుకు కట్టుకున్నారు. గుమ్మానికి కట్టి ఉంటే ఆ ఇంటి పిల్లను మేము బడికే రానిచ్చేవాళ్లం కాము.

టీచరమ్మకు చెప్పాను. "నేనేం చేసినాను ఆయమ్మా," అని ఒకటే మాట.

"చేసిందానికి తర్వాత ఏడుద్దాం టీచరమ్మా. ఆడ అలిపిరిలో బిడ్డ ఉండాది. టీకాల సారుకు మనిషిని పంపించండి."

ఆమె తన ఉన్ని శాలువ తీసి నా చేతిలో పెట్టింది. నేను జట్కా ఎక్కాను.

మంటపం కింద బిడ్డతో కూర్చున్నామె పేరు మునెమ్మ. వడమాలపేట వైపు పల్లె. మొగుడు కూలికని మద్రాసు పోయి తిరిగి రాలేదు. నేను పోయేసరికి ఆ దుప్పట్లోనే బిడ్డను చుట్టి పాలిస్తూ ఉంది.

"అమ్మా, ఆ దుప్పటి నాకిచ్చి ఈ శాలువ తీసుకో."

"ఇచ్చిందాన్ని మళ్లీ లాక్కుంటారా? పిల్లోళ్ల చేత ఇప్పించేది, పెద్దోళ్లొచ్చి ఎత్తకపోయేది. బలే ఉండాదక్కా మీ ధర్మం."

"అట్ట కాదు మే. అది అమ్మవారు పోసిన ఇంటి గుడ్డ."

"తెలుసు."

నేను సరిగా వినలేదేమో అనుకున్నాను.

"మాది పల్లెటూరే కదక్కా. పసుపూ యాపాకూ కలిసిన వాసన నాకు తెలీదా? ఆ పిల్ల కప్పినప్పుడే తెలిసింది."

"తెలిసీ బిడ్డ మీద ఎట్ట ఉంచుకున్నావే?"

మునెమ్మ గొంతు పెంచలేదు. "నిన్న తెల్లారేసరికి దీని పెదాలు నీలంగా అయిపోయినాయి. అమ్మవారు వస్తే పది పన్నెండు దినాలకు వస్తాది. రాకుండానూ పోవచ్చు. చలి ఈ మాపే వస్తాది కదక్కా."

శాలువ ఆమె ఒళ్లో పడేసి, దుప్పటి లాక్కొని, దూరంగా పోయి కాల్చేశాను.

అంతలో టీకాల సారు సైకిలు మీద వచ్చాడు. వ్యాక్సినేటర్ అనేవాళ్లు. ఆయన పెట్టెలో సన్నని గాజు గొట్టాల్లో లింఫ్ ఉండేది. అంటే దూడల నుంచి తీసిన టీకా మందు. దాన్ని లాన్సెట్ అనే చిన్న కత్తితో చేతి మీద గీసి ఎక్కిస్తారు. గుడ్డ తగిలిన రెండు మూడు రోజుల్లోపల టీకా పడితే జబ్బు రాకుండా ఆపొచ్చునని ఆయనే చెప్పాడు. నేను బిడ్డను పట్టుకున్నాను. అది ఏడ్చి ఏడ్చి నా చీర తడిపింది.

"తల్లికి?" అన్నాడు సారు, దీపం మీద కత్తి కాలుస్తూ.

"నాకు ఉండాది సామీ, చిన్నప్పుడే ఏసినారు," అని మునెమ్మ భుజం మీద కొంగు ఒక్క క్షణం తొలగించి మళ్లీ కప్పుకుంది.

"మచ్చ ఉండాదా ఆయమ్మా? సూడు."

బిడ్డ నా ఒళ్లో గింజుకుంటూ ఉంది. కూర్చున్న చోటు నుంచే తలెత్తి చూశాను. ఏదో మచ్చ కనిపించింది.

"ఉండాది సార్," అన్నాను.

సారు పెట్టె మూసేశాడు.

సోమవారం స్కూల్లో పిల్లలందరికీ మళ్లీ టీకాలు వేయించారు. సుగుణ వాళ్ల అవ్వ వచ్చి ముందు మమ్మల్ని తిట్టి, తర్వాత టీచరమ్మను పట్టుకొని ఏడ్చింది. దేవుడి దయ, ఒక్క పిల్లకూ ఏమీ కాలేదు. నేను రోజూ సాయంత్రం బడి వదిలాక పాలు తీసుకొని అలిపిరికి పోయేదాన్ని. "ఏమక్కా, ఈ పూట శాలువ ఎత్తకపోయేదానికి వస్తివా?" అని మునెమ్మ నన్ను ఆటపట్టించేది. ఎనిమిదో రోజుకు బిడ్డ చేతి మీద పొక్కు నిండుగా లేచింది. టీకా పట్టిందంటే అదే గుర్తు. ఆ పొక్కు చూసి నేను గోవిందా అని కొండ వైపు దండం పెట్టుకున్నాను.

పన్నెండో రోజు పోతే బిడ్డ ఒక్కతే కూర్చొని శాలువ అంచు చప్పరిస్తూ ఉంది. మునెమ్మ వెల్లకిలా పడుకొని ఉంది. ఒళ్లు పెనం. నడుము విరిగిపోతోందని మూలుగుతోంది. అమ్మవారు పోసే ముందు వచ్చే ఆ నడుము నొప్పి నాకు తెలుసు. కొంగు లాగి చెయ్యి చూశాను.

టీకా మచ్చ గుండ్రంగా, మధ్యలో సన్న సన్న గుంటలతో ఉంటుంది. ఇది పొడుగ్గా, నున్నగా, అంచులు ముడుచుకొని ఉంది. వందల చేతులు చూసినదాన్ని. దగ్గరికి పోయి చూసి ఉంటే గుడ్డి దీపంలోనైనా చెప్పేదాన్ని.

"ఇది టీకా కాదు గదే."

"కాదక్కా. పసిపిల్లప్పుడు ఫిట్సు వస్తే మా యవ్వ పెట్టిన వాత."

"మరి ఉండాదని ఎందుకు చెప్తివి? ఎందుకే?"

"టీకా ఏస్తే చెయ్యి వాస్తాదంట, జరం వస్తాదంట. రెండు దినాలు చెయ్యి లేవదంట. బిడ్డను ఎత్తుకునేదెవురు?"

"నేను ఎత్తుకునేదాన్ని కదే."

మునెమ్మ కళ్లు మూసుకొనే అంది. "నువ్వు చెప్పలేదే అక్కా."

ఆమెను బండిలో ఊరి బయట ఐసొలేషన్ షెడ్డుకు చేర్చాము. అంటు జబ్బు వాళ్లను వేరుగా ఉంచే రేకుల పాక అది. బిడ్డను నేను మా ఇంటికి తెచ్చుకున్నాను. మేకపాలు, పల్చని రాగిజావ పోసేదాన్ని. "పాప బాగుండాదా ఆయమ్మా?" అని సుగుణ ప్రతిరోజూ అడిగేది. బాగుండాది అని చెప్పేదాన్ని. తల్లి సంగతి ఆ పిల్ల అడగలేదు, నేను చెప్పలేదు. టీచరమ్మా నేనూ ఆ విషయంలో ఒక మాట మీద ఉన్నాం. ఏడేళ్ల పిల్ల నెత్తిన పెట్టే బరువు కాదది.

మునెమ్మ బతికింది. కానీ ఎడమ కన్ను పోయింది. నెల దాటాక షెడ్డు నుంచి నేరుగా మా ఇంటికి వచ్చింది. బిడ్డ ఆ ముఖాన్ని చూసి జడుసుకొని నా మెడ కరుచుకుంది. నేను తల తిప్పేసుకున్నాను. మునెమ్మ మాత్రం గడప అవతలే కూర్చొని, "ఉండనీలే అక్కా, గొంతు గుర్తుపడతాది," అని ఏవేవో కబుర్లు చెబుతూనే ఉంది, కాకుల గురించీ మేకల గురించీ. చాలాసేపటికి బిడ్డ నా భుజం మీద నుంచి తలెత్తింది. ఇంకాసేపటికి చేతులు చాపింది.

టీచరమ్మ పోటీలు పెట్టడం మానేసింది. గుడ్డలు సేకరించడం మానలేదు. ప్రతి గుడ్డా ముందు నా చేతికి రావాలి, ఉడికి ఎండాకే పిల్లల చేతికి పోవాలి. ఇంకొక పని కూడా మొదలుపెట్టాం. ఊళ్లో టీకాలు వేసే రోజున, చేతికి టీకా మచ్చ ఉన్న ఐదో తరగతి పిల్లల్ని నా వెంట తీసుకుపోయేదాన్ని. సారు పెట్టె తెరవకముందే నేను తల్లుల దగ్గరికి పోయి చెప్పేదాన్ని. "బిడ్డను మాకియ్యండి. మీ చెయ్యి వాపు తగ్గిందాకా పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు మీ ఇంటికొచ్చి ఎత్తుకుంటారు." పిల్లలు వంతులేసుకొని పోయేవాళ్లు. ఒక్కరోజు ఎగ్గొట్టినా నేను ఊరుకునేదాన్ని కాదు.

ఇవ్వడం అంటే మన దగ్గర ఉన్నది ఇవ్వడమే అనుకున్నాం మేము. అవతలి మనిషి చెయ్యి ఎందుకు ఖాళీగా లేదో అడగలేదు. ఆ తర్వాత ఇరవై ఆరేళ్లు ఆ పనిలోనే ఉన్నాను. బిడ్డను మేము ఎత్తుకుంటామని ముందుగా చెప్పాక చెయ్యి దాచుకున్న తల్లి నాకు ఒక్కతి కూడా తగల్లేదు.