చీటీ పైవరుస

ఇరవై ఆరేళ్లుగా ఆసుపత్రి గుమ్మం పక్కనున్న బల్లే పెద్ద సిస్టర్ లోకం. వచ్చినవాళ్లను ఒక చూపు చూడడం, చీటీ పైవరుసలో జబ్బు పేరు గిలకడం, లోపలికి పంపడం. మనిషి నడక చూసే రోగం చెప్పేస్తుందని డాక్టర్లు మెచ్చుకునేవారు. ఆ మాటకు ఆవిడ పొంగిపోయేదంటే తప్పేముంది? కాళ్లు పీకుతున్నా, ఎదుట ఇంకా వందమంది ఉన్నా, ఆ మెప్పే కదా ఆవిడకు ఓపిక!

గ్యాస్ పిన్నికి ఆ పేరు పెట్టిందీ ఆవిడే. బట్టలు కుట్టుకునే ఆ పిన్ని నెలకు రెండుసార్లు గుండె పట్టుకుని వచ్చేది. ప్రతిసారీ గ్యాసే. వరుసలో అందరితో పోట్లాడి, మాత్రలు తీసుకుని, నవ్వుతూ పోయేది.

ఆ సోమవారమూ వచ్చింది.

"సిస్టరమ్మా, ఈసారి వేరేగా ఉందే. దవడ లాగేస్తోంది."

"నీకెప్పుడూ వేరేగానే ఉంటుంది పిన్నీ," అంటూ తలైనా ఎత్తకుండా 'గ్యాస్' అని రాసిపడేసింది. ఆ రోజు ఒక డాక్టరు, మంగళవారం ఇంకో డాక్టరు, బుధవారం మరో డాక్టరు. అదే చీటీ, అవే మాత్రలు.

బుధవారం మాత్రలు తీసుకున్నాక పిన్ని ఇంటికి పోలేదు. చెమటలు కారుతుంటే బెంచీ మీదే కూలబడింది. ఎవడో వరుస తప్పి ముందుకు దూరినా పల్లెత్తు మాట అనలేదు. పిన్ని పోట్లాడకపోవడమా! పెద్ద సిస్టర్ బల్ల వదిలి లేచింది. చీటీ లాక్కుని డాక్టరు దగ్గరికి పరుగెత్తింది.

"ముగ్గురం గ్యాసేనని రాశాం కదా సిస్టర్," అన్నాడాయన విసుగ్గా.

"ముందు రాసింది నేను సార్. మీరంతా దాన్నే చూసి దించారు. మీకు దణ్ణం పెడతా, ఈసీజీ తీయించండి."

పిన్ని బతికింది. కానీ గుండె బాగా దెబ్బతింది, ఇక కుట్టుమిషన్ తొక్కకూడదన్నారు.

వారం తర్వాత పిన్ని కూతురు వచ్చి పెద్ద సిస్టర్ రెండు చేతులూ పట్టుకుంది. "మీ హస్తవాసి మంచిది అక్కా. మీరు చూడబట్టే మా అమ్మ దక్కింది."

పెద్ద సిస్టర్‌కు ఏడుపు ముంచుకొచ్చింది. ఊరుకుంటే పోయేదే. ఊరుకోలేకపోయింది.

"సోమవారం గ్యాసని రాసింది ఈ చేత్తోనేనమ్మా."

"అదేంటి? ముగ్గురు డాక్టర్లు చూశారుగా!"

"చూడలేదు తల్లీ. నేను రాసింది చదివారు."

కూతురు మెల్లగా చేతులు వదిలేసింది. వెళ్లిపోయింది. వరుసలో తర్వాతి ముసలాయన చీటీ చాచాడు. ఆవిడ పెన్ను పక్కన పెట్టింది.

"ఎక్కడ నొప్పి బాబాయ్? చెయ్యి పెట్టి చూపించండి."