పనికిరాని కొంగల పక్షాన

ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో మా క్వార్టర్ ముందున్న నిద్రగన్నేరు కొమ్మ ఒక్కటి కూడా ఆ వానాకాలం తెగలేదు. ఈ మాట చెబుతుంటే నాకిప్పటికీ ఛాతీ పొంగుతుంది.

తొంభైల మొదట్లో సంగతి. వానలు మొదలైతే ఆ చెట్టు నిండా కొంగల గూళ్లే. కింద చేపల కంపు, ఆరేసిన బట్టల మీద రెట్టలు. మా నాన్న రైలు గార్డు. ఆయన తెల్ల యూనిఫాం మీద రోజూ ఏదో ఒకటి పడేది. కొమ్మలు కొట్టించమని ఆఫీసు చుట్టూ తిరిగిన మొదటి మనిషి ఆయనే.

మాది తెలుగు నేల కాని రైల్వే ఊరు; నేనప్పుడు అక్కడి తెలుగు స్కూల్లో టీచర్ని. డీప్ ఎకాలజీ గురించి ఓ వ్యాసం చదివి ఆ మైకంలో ఉన్నాను. డెబ్భైల్లో నార్వే తత్వవేత్త ఒకాయన లేవదీసిన ఆలోచన అది. మనకు ఉపయోగమని ప్రకృతిని కాపాడటం పైపై వ్యవహారమేనట. మనకు పనికొచ్చినా రాకపోయినా ప్రతి ప్రాణి బతుక్కీ దాని విలువ దానికుంది. మనమూ వాటిలో ఒకళ్లమే తప్ప యజమానులం కాదు. ఈ మాట మా సందులో ఒక్కరు వింటే ఒట్టు.

సరే, లౌక్యంగా పోదామని, "కొంగలు పురుగుల్ని తింటాయి కదా," అన్నాను ఓసారి.

"పురుగులకి మందుంది కదేటి," అంది పక్కింటి పిన్ని. నా వాదన అక్కడే చతికిలపడింది. పనికొస్తాయని వాటి తరఫున బతిమాలినందుకు నా మీద నాకే ఒళ్లు మండింది.

నాన్న రిటైరైన మర్నాడే ఆఫీసు పంపిన మనుషులు రంపాలతో వచ్చారు. గూళ్లలో పిల్లలకి ఇంకా రెక్కలు రాలేదు. నేను వెళ్లి చెట్టుకి వీపు ఆనించి నిలబడ్డాను. అవి ఎగిరేదాకా కొమ్మ మీద చెయ్యి వేస్తే ఊరుకోనన్నాను.

"ఎందుకమ్మా అంత మొండి? వాటివల్ల మనకేటి ఉపయోగం?" అంది పిన్ని.

"ఏటీ లేదు పిన్నీ. అయినా బతకాల."

నాన్న అరుగు మీంచి లేచి వచ్చాడు. నన్ను లాగేస్తాడనుకున్నాను. ఆయన నా పక్కనే నిలబడి పిన్ని వైపు తిరిగాడు.

"పనికొస్తేనే ఉండాలంటే, నిన్నటితో నా పనీ అయిపోనాది. మరి నన్నేటి సేస్తారమ్మా?"

పిన్ని కొంగు సర్దుకుని, "అభీ నహీ దాదా, జావో," అని, ఇప్పుడొద్దు పొమ్మని రంపాల వాళ్లని తనే పంపేసింది. నేను అందరి ముందూ నాన్నని వాటేసుకున్నాను.

దసరా పూజ సెలవుల నాటికి పిల్లలన్నీ ఎగిరిపోయాయి. తర్వాత మేం క్వార్టర్ ఖాళీ చేసి, ఆ ఊళ్లోనే మలంచా అనే పేటలో అద్దింటికి మారాం. అక్కడ మా నాన్న ఎవరికీ ఏ పనికీ రాకుండా చాలా ఏళ్లు రాజాలా బతికాడు.