మా హవల్దారుగారి చెవులు

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లి నుంచి మీ సహోదరి కృపమ్మ వందనాలు. మన సంఘ పత్రికలో ఎందరో తమ సాక్ష్యాలు రాస్తుంటే చదివి కన్నీళ్ళు పెట్టుకోవడమే తప్ప నేనూ ఒకటి రాస్తానని ఎన్నడూ అనుకోలేదు. మా ఇంట్లో మాట ఆగిపోయిన రోజుల దగ్గర మొదలుపెడతాను, దేవుడు మమ్మల్ని వెదుక్కుంటూ వచ్చింది అక్కడికే.

మా ఆయన అప్పలస్వామిగారు సైన్యంలో ఫిరంగులు పేల్చే దళంలో పనిచేసి హవల్దారుగా రిటైరయ్యారు. మా మామగారు శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడి వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసిన మనిషి, ఆ ఇంట్లో అందరూ రైల్వేవాళ్ళే, ఈయన ఒక్కరికే ఫిరంగుల మీద మనసు పోయింది. వాటి పక్కన నిలబడి నిలబడి చెవుల్లో ఒక హోరు పట్టుకుంది, అది ఇంటికొచ్చాక కూడా వదలలేదు, ఏడాదికేడాది వినికిడి తగ్గుతూ తగ్గుతూ చివరికి నేను పక్కనే కూర్చుని పిలిచినా పలకని స్థితికి వచ్చారు. ఏమడిగినా "ఊఁ" అనేవారు. కూర బాగుందా అన్నా ఊఁ, ఇల్లు తగలబడుతోంది అన్నా ఊఁ.

నవ్వుతూ రాస్తున్నాను గానీ అప్పుడు నవ్వలేదు. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మన మందిరంలో ఢోలక్ వాయించేది ఆయనే, ఆయన చెయ్యి పడితే ముసలమ్మలు కూడా లేచి నిలబడి పాడేవారు. ఒక ఆదివారం పాట ఒకవైపు, ఢోలక్ ఒకవైపు వెళ్ళిపోయాయి. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం ఆయన చూశారు. ఢోలక్ పక్కన పెట్టేసి మరి మందిరానికి రాలేదు. నేను బైబిలు పట్టుకుని బయలుదేరుతుంటే గోడవైపు తిరిగి కూర్చునేవారు, అటు తిరిగిన ఆ వీపుకే వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళేదాన్ని.

ఇంతలో మరొకటి జరిగింది. పాల కోసం ఆయన రోజూ రైలు పట్టాలు దాటి వెళ్ళేవారు, మా ఊళ్ళో పట్టాలు దాటని మనిషి ఎవరు? ఆ ఉదయం వెనక నుంచి షంటింగ్ ఇంజను కూత వేస్తూ వస్తోంది, ఈయన చెంబు ఊపుకుంటూ నడుస్తున్నారు. పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ ఒకడు పరుగెత్తుకొచ్చి చొక్కా పట్టుకుని ఇవతలికి లాగేశాడు, లాగి ఇంటిదాకా తీసుకొచ్చి నాకు అప్పజెప్పి "దీదీ, ఈ దాదాని ఒంటరిగా పంపొద్దు" అని వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి ఆయన గడప దాటితే తిరిగి వచ్చేదాకా నేను గేటు దగ్గరే నిలబడి ఉండేదాన్ని. ఇంట్లో ఉంటే ఆయన్ని మౌనానికి పోగొట్టుకుంటున్నాను, బయటికి వెళితే ఇంజనుకు పోగొట్టుకుంటానేమోనని భయం. ఏ భార్యా అలా బతకకూడదు సహోదరులారా.

నేను చేయగలిగింది ప్రార్థన. సంఘమంతా చేసింది. మన సహోదరీలు ఇంటికొచ్చి ప్రార్థన నూనె తెచ్చి ఆయన చెవుల్లో చుక్కలు వేసి, కారిపోకుండా దూది పెట్టి మరీ ప్రార్థించేవారు. రాహేలమ్మగారు ఒక సీసా తెస్తే, ఆ ఆశీర్వాదంలో తమకూ పాలుండాలని మిగతావాళ్ళు తమ తమ సీసాలు తెచ్చారు. కొబ్బరినూనె ఒకరిది, ఆవనూనె ఒకరిది. అది చలికాలం. మా ఆయన ఎవరినీ నొప్పించలేని మనిషి, ఎడమ చెవి అయ్యాక కుడి చెవి తనే తిప్పి ఇచ్చేవారు. అందరూ వెళ్ళాక చూస్తే ముందు వినబడిన ఆ కాస్తా వినబడటం మానేసింది, మేమేమో విశ్వాసం చాలలేదనుకుని ఇంకో రెండు చుక్కలు వేశాం.

అప్పుడు దేవుడు మా ఊరి పక్కనున్న సాలువా వైపు నుంచి ఒక మనిషిని పంపాడు. ఆయన పేరు థాపా, మా ఆయనతో ఒకే ఫిరంగి దగ్గర పనిచేసిన నేపాలీ సైనికుడు. గేటు దగ్గర నిలబడి ఎంత పిలిచినా ఈయన కదలకపోతే లోపలికొచ్చి కౌగిలించుకుని, విషయం అర్థమై, తన చెవిలోంచి చిన్న మిషను తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. మాజీ సైనికుల క్లినిక్‌లో చూపించుకుంటే ప్రభుత్వమే ఇచ్చిందని, మీ దగ్గరా ఆ క్లినిక్ కార్డు ఉండాలి కదా భాభీ అని నన్ను అడిగాడు. కార్డు ఉంది. రిటైరైనప్పుడు చేయించుకుని, యూనిఫాంతో పాటు ట్రంకుపెట్టెలో దాచేశారు. ఎందుకు వాడరని నేను అడిగినప్పుడల్లా ఒకటే జవాబు. ఆ రోజూ అదే చెప్పారు, వినబడదు గనక వీధంతా వినేలా చెప్పారు.

"యుద్ధంలో కాళ్ళు పోయినోళ్ళున్నారు, సేతులు పోయినోళ్ళున్నారు. నాకేటి పోనాది? ఆళ్ళ లైన్లో నానెలా నిలబడతాను?"

థాపా కోప్పడలేదు. పలక మీద పిల్లలకు రాసినట్టు ఆయన అరచేతి మీద వేలితో హిందీలో రాశాడు, కాన్ భీ ఫౌజ్ మే గయా. చెవి కూడా సైన్యంలోనే పోయింది అని. మా ఆయన ఆ అరచెయ్యి మూసి పట్టుకున్నారు. తరువాత లేచి వెళ్ళి ట్రంకుపెట్టె తెరిచారు.

క్లినిక్‌లో మమ్మల్ని పరీక్షించి పెద్ద ఆస్పత్రిలో చెవి డాక్టరు దగ్గరికి పంపారు. అక్కడి వరండాలో కర్ర ఊతంతో ఒకరు, నల్లకళ్ళద్దాలతో ఒకరు, ఎందరో మాజీ సైనికులు. కర్ర ఊతమున్న ఆయన జరిగి మా ఆయనకు చోటిచ్చి, ఏ రెజిమెంటు అని సైగ చేసి అడిగాడు. ఏ లైన్లో నిలబడటానికి సిగ్గుపడ్డారో ఆ లైనే ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుంది. నేను కొంగు కప్పుకుని అక్కడే ప్రార్థించాను.

"పెబువా, ఈయన సెవులు దేశానికి ఇచ్చేసినాడు. ఇచ్చిందాన్ని తిరిగి అడగను. నాకేటి మిగిల్చినావో అది సూపించు సాలు."

డాక్టరమ్మ బెంగాలీ అమ్మాయి. చెవిలోకి లైటు వేసి చూసి ఉలిక్కిపడింది. చిన్న పరికరంతో లాగితే గడ్డకట్టిన నూనె, గుబిలి, మధ్యలో దూది, ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. ఇదంతా ఎవరు పోశారని పెద్దగా అరిచి అడిగింది. మా హవల్దారుగారు జీవితంలో అబద్ధమాడని మనిషి, అటెన్షన్‌లో కూర్చుని "పూరా చర్చ్, మేడమ్" అన్నారు, సంఘమంతా అని. ఆ అమ్మాయి నవ్వాపుకోలేక గోడవైపు తిరిగింది. ప్రార్థన ఆపవద్దు గానీ నూనె మాత్రం తలకు రాయండి అని నాతో చెప్పి పంపింది. ఈ సంగతి మన పాస్టరుగారికి చెబితే, బైబిల్లో నూనె రాయమన్నారు గానీ చెవుల్లో పొయ్యమన్నది ఎవరమ్మా అని ఆయనా నవ్వారు. రాహేలమ్మగారూ, మీరు నొచ్చుకోవద్దు, ఆ నూనెలో ఉన్నది ప్రేమే, కాస్త ఎక్కువైంది అంతే.

నూనె పోయినా ఫిరంగులు తీసుకున్నది తిరిగి రాలేదు, నరం దెబ్బతిందన్నారు. మిషనుకు రాశారు, కొన్నాళ్ళు తిప్పారు, ఎదురుచూశాం. నేను విసుక్కుంటే ఆయనే నన్ను ఓదార్చేవారు, సైన్యంలో ఏదైనా అంతేనే అని.

ఆ మిషను పెట్టిన రోజు మరచిపోలేను. డాక్టరమ్మ ఆయన రెండు చెవుల వెనకా అమర్చి, ఏదైనా మాట్లాడండి అని నాకు సైగ చేసింది. ఇన్నేళ్ళు అరిచి అరిచి ఉన్నదాన్ని, ఏం మాట్లాడాలో తెలియక మెల్లగా "ఏటండీ, వినబడుతున్నాదా?" అన్నాను.

ఆయన నావైపు తిరిగి, కొత్త మనిషిని చూసినట్టు చూశారు.

"నీ గొంతు ఎప్పుడు ముసలిదైపోనాదే?" అన్నారు. ఇన్నేళ్ళూ ఆయన లోపల వింటున్నది నా పాత గొంతేనట, నేను పెదవులు కదిపినప్పుడల్లా ఆ గొంతే పెట్టుకుని వినేవారట. నేను ఏడుస్తుంటే ఆయన నా చెయ్యి పట్టుకుని "ఇదే బాగున్నాది. మాట్లాడు" అన్నారు.

ప్రియులారా, దేవుడు అద్భుతం చెయ్యాలంటే ఆకాశం నుంచే చెయ్యాలని మనం పట్టుబడతాం. నా దేవుడు ఒక పాయింట్స్‌మన్ చేతితో చేశాడు, ఒక నేపాలీ సోదరుడి వేలితో చేశాడు, ఒక ప్రభుత్వపు మిషనుతో చేశాడు, మహిమ మాత్రం ఆయన ఒక్కడిదే. మీ ఇంట్లో సైన్యంలో చేసొచ్చి గోడవైపు తిరిగి కూర్చున్న తండ్రి గానీ భర్త గానీ ఉంటే, ఆయనకు రావలసింది అడుక్కోవడం కాదని చెప్పి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళండి. దారి తెలియకపోతే మా ఇంటికి రండి, మా హవల్దారుగారే వెంటవస్తారు. ప్రభువును నమ్మండి, ఆయన ఆలస్యం చేసినా మరచిపోడు.

ఇన్నేళ్ళూ రాత్రి ప్రార్థన నేనే చేసి, ఆమెన్ కూడా నేనే చెప్పుకునేదాన్ని. ఇప్పుడు నేను మెల్లగా ముగిస్తే, చీకట్లో పక్కనుంచి ఆయన ఆమెన్ అంటున్నారు.