సముద్రం లేని ఊరికి వైర్‌లెస్ సెట్లు

పోయిన ఆదివారం మా చెల్లెలి కూతురు కామారెడ్డిలో మా ఇంటికి వచ్చి, అన్నం తిన్న చేయి ఆరకముందే లాప్‌టాప్ తెరిచి కూర్చుంది. ఈ మధ్యనే ఒక మున్సిపాలిటీలో ఉద్యోగంలో చేరింది. నీళ్ళ విభాగానికి, చెత్త బండ్లకు, దోమల మందు కొట్టేవాళ్ళకు కలిపి వైర్‌లెస్ సెట్లు కొనే పని దాని నెత్తిన పడిందట. తెర మీద గడులు, గడుల్లో టిక్కులు. ఆ సెట్టును ఎవరైనా చేత్తో పట్టుకుని చూశారా అని అడిగాను. "చూసేదేముంది పెద్దమ్మా, అన్నీ పోర్టల్లనే ఉంటయి. మనం అడిగినయి ఉన్నయా లేవా, గంతే," అంది. అప్పటి నుంచి నాకు కుర్చీలో కుదురు లేదు. అది వెళ్ళి మూడు రోజులైనా పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతున్నాను, చేతిలో చీపురు పట్టుకుని ఏ గది ఊడ్వడానికి వచ్చానో ఆలోచిస్తున్నాను.

నేను ఎల్లారెడ్డిలో పుట్టి, కామారెడ్డిలో డిగ్రీ చదివి, కామారెడ్డికే కోడలినై, రోజూ రైలెక్కి పోయేంత దూరంలో ఉన్న ఒక మున్సిపాలిటీలో గుమస్తాగా చేరాను. ఆ ఊరి పేరు చెప్పను. చెబితే పాతవాళ్ళు ఫోన్ చేసి తగాదా పెట్టుకుంటారు. తగాదాకు నేనెప్పుడూ వెనకాడలేదు గానీ, ఈ వయసులో కాస్త మనిషిని చూసి పెట్టుకుంటున్నాను.

మన ఈడు వాళ్ళకు ఆ రోజుల కరెంటు గుర్తుండే ఉంటుంది. ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో కరెంటు ఆఫీసు వాళ్ళకే తెలిసేది కాదు. అందుకని పంపుహౌస్‌లో ఆపరేటర్లకు ఒక అలవాటు, కరెంటు రాగానే మోటారు వేసెయ్యడమే. ఆలస్యమైతే ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో మా ఆఫీసు గేటు ముందు కూర్చునేవారు. కానీ పంపుహౌస్‌కు చాలా దూరంలో, రోడ్డు కింద వాల్వు గుంతలుండేవి. మనిషి నిలువుకు మించిన లోతు, పైన ఇనప మూత, లోపల ఇనప మెట్లు. వాటిలోకి దిగి లీకులు బాగుచేసేది ఊరంతటికీ ఒక్క ఫిట్టరే. తాడ్వాయి మనిషి, నాకన్నా చాలా పెద్ద. నేను అన్నా అనేదాన్ని, అతను చెల్లె అనేవాడు. మోటారు వేయొద్దని సైకిల్ మీద వెళ్ళి చెప్పి వచ్చి, అప్పుడు దిగేవాడు. ఒకరోజు ఆ మాట విన్న ఆపరేటర్ డ్యూటీ దిగిపోయాడు, ఎక్కినవాడికి చెప్పలేదు, ఈలోగా కరెంటు వచ్చింది. విప్పిన పైపులోంచి నీళ్ళు ఛాతీ దాకా వచ్చేసరికి అన్న ఎట్లాగో మెట్లు పట్టుకుని బయటపడ్డాడు. తడి బట్టలతోనే ఆఫీసు వరండాలో కూర్చుని, నానిపోయిన బీడీ కట్టను పిండుతూ, "ఇయ్యాల తానం ఆడనే అయింది చెల్లె," అని నవ్వాడు.

అప్పుడు గానీ ఆఫీసులో కదలిక రాలేదు. ఇక మీదట మోటారు వేసే ముందు ఆపరేటర్ వైర్‌లెస్‌లో అడగాలి, గుంతలో మనిషి ఉంటే పలకాలి, ఎవరూ పలకకపోతే మోటారు వేయాలి, ఇదీ ఏర్పాటు. నీళ్ళవాళ్ళకు సెట్లు వస్తున్నాయనగానే చెత్త విభాగం వాళ్ళు మాకూ కావాలన్నారు, ఇంటిపన్ను వసూలు చేసేవాళ్ళు కూడా అన్నారు, వాళ్ళు ఎవరితో మాట్లాడతారో దేవుడికే తెలియాలి.

ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. మా సూపరింటెండెంటును అందరం పెద్దసారు అనేవాళ్ళం. ఏ కొత్త ఫైలైనా పాత ఫైలు చూసే రాయాలనేది ఆయన మతం. వైర్‌లెస్ సెట్ల పాత ఫైలు మా దగ్గర లేదు గనక, ఎక్కడో సముద్రపు ఒడ్డు పట్నంలో పనిచేసే తన బావమరిది చేత ఒక నకలు తెప్పించి నా ముందు పెట్టి, "అక్షరం మార్చకు. మారిస్తే ఆడిట్ల జవాబు నువ్వే చెప్పుకోవాలె," అన్నారు. ఊరందరితో వాదించే నేను ఆ రోజు ఎందుకు వాదించలేదో ఇప్పటికీ నాకు అర్థం కాదు. ఐదున్నర రైలు అందుకోవాలన్న తొందర కావచ్చు. 'సముద్రపు ఉప్పుగాలికి తుప్పు పట్టరాదు' అన్న నిబంధనతో సహా గుండ్రటి చేతిరాతతో దించేశాను. మాకు తెలిసిన పెద్ద నీళ్ళంటే నిజాంసాగరే, అందులో ఉప్పు లేదు. ఆ వాక్యం మీదుగా నాలుగు సంతకాలు నడిచి వెళ్ళాయి, ఒక్కటీ ఆగలేదు.

టెండర్లు తెరిచారు, అందరికన్నా తక్కువ ధర వేసినతను సెట్లు తెచ్చి ఆఫీసు ఆవరణలోనే పరీక్ష పెట్టాడు. ఒకరు గేటు దగ్గర, ఒకరు కమిషనరు గదిలో. "హలో, చాయ్ తాగిండ్రా?" "తాగినం, మీకు గూడ పంపాల్నా?" అని ముదురు మగవాళ్ళంతా చిన్నపిల్లలైపోయారు. ఉప్పుగాలికి ఏమీ కాదని అతను విడిగా కాగితం కూడా రాసిచ్చాడు. ఫిట్టర్ అన్న ఒక పక్కగా నిలబడి చూసి చూసి, "సారూ, గుంతల దిగితె గూడ పలుకుతదా?" అన్నాడు. అందరూ నవ్వారు. సముద్రాన్ని రాశాను గానీ, ఆ సెట్టు ఎవరి కోసమో ఆ గుంత గురించి ఒక్క ముక్క రాయలేదు.

అమ్మేవాడి చేతిలోంచి ఒక సెట్టు లాక్కుని, రెండోదాన్ని పంపుహౌస్‌కు పంపించి, వీధి చివర గుంత దగ్గరికి నడిచాను, వెనకాల ఆఫీసంతా వచ్చింది. అన్న మూత తీశాడు. చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపి దిగాను. నాలుగో మెట్టు దగ్గర మాట తెగింది, అడుగుకు చేరేసరికి గరగర తప్ప ఏమీ లేదు. నేను అరిచింది పైవాళ్ళ చెవులకు వినబడింది గానీ పంపుహౌస్‌లో సెట్టుకు చేరలేదు.

"పైన ఒకణ్ణి నిలబెడితె అయిపాయె కదమ్మా," అన్నారు పెద్దసారు.

"నిలబెట్టెటందుకు ఒకడుండాలె కద సార్. ఉన్నదే ఒక్కడు."

"అడిగినయన్ని ఇచ్చిండు. ఇప్పుడు ఏ వంక మీద వద్దంటం?"

"సెట్టు లేకుంటె ఆపరేటర్ భయపడి ఆగుతడేమో సార్. ఈ సెట్టుంటె, పలుకు రాలేదు గనక లోపల ఎవ్వరు లేరనుకొని మోటరు ఏస్తడు. గప్పుడు?"

ఆయన బురద కారుతున్న నా చీర అంచు వైపు చూసి, "తప్పు ఎవరిదని రాయాలె?" అన్నారు. నాదని రాస్తానన్నాను, రాశాను. పాత టెండరు రద్దు చేసి, గుంత అడుగు నుంచి మాట వినబడాలన్న నిబంధనతో మళ్ళీ పిలవాలని కూడా రాశాను. సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. ఇంటికి వెళితే మా అత్త నన్ను ఎగాదిగా చూసి, "కొలువు చేసొచ్చినవా, నాట్లేసొచ్చినవా?" అంది.

ఇదంతా గొప్పగా చెప్పుకోవడానికి కాదు. ఆ తరవాతి సంగతే నన్ను నిలవనివ్వదు. రెండో టెండరుకు నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ అన్న పాత పద్ధతిలోనే, సైకిల్ మీద వెళ్ళి చెప్పి, గుంతలోకి దిగాడు. ఆఫీసులో ఆగిపోయిన ఫ్యాను కదిలిందంటే కరెంటు వచ్చినట్టు, అంటే మోటారు వేస్తారన్నట్టు. నేను లేచి నిలబడేదాన్ని. అన్న ఎక్కడున్నాడని అడిగేదాన్ని. ఫ్యాను తిరిగితే మేడం లేస్తదని పక్కబల్ల వాళ్ళు నవ్వుకునేవారు. ఆ నెలల్లో అతనికేమైనా అయితే అది నేను రాసిన నోటు వల్లేనని ఎవరూ అనలేదు, అనాల్సిన అవసరం లేకుండా నాకు నేనే అనుకున్నాను.

చివరికి, తీగకు వేలాడే మైకు ఉన్న సెట్లు వచ్చాయి. సెట్టు గుంత అంచున ఉంటే మైకు మనిషితో లోపలికి దిగేది. పరీక్ష రోజు లోపలి నుంచి మొదట వచ్చిన మాట, "ఇనబడుతుందా లేదా జల్ది చెప్పుండ్రి, ఈడ కప్పలున్నయి!" పంపుహౌస్‌లో నవ్వారట. గుంత అంచున నిలబడ్డ నేను కాగితం మీద 'వినబడింది' అని రాసుకున్నాను.

నిరుడు తాడ్వాయిలో ఒక పెళ్ళిలో ఆ అన్న కనిపించాడు, ముసలివాడైపోయాడు. ఇన్నేళ్ళుగా లోపల దాచుకున్న ఆ నాలుగు నెలల సంగతి చెప్పేశాను. "గన్ని దినాలు పట్టిందా? నాకు యాదికే లేదు చెల్లె. నువ్వు చీరె ఖరాబు చేసుకున్నది మాత్రం యాదికున్నది," అని నవ్వి, వడ్డనకు పిలుస్తున్నారని లేచాడు.

ఇప్పుడు కరెంటు పోవడం లేదు, కొనుగోలుకు నెలలు పట్టడం లేదు, తప్పు తనదని ఎవరూ రాయాల్సిన పని లేదు. పాతకాలమంతా బంగారమని నేను అనను, గుడ్డిగా నకలు దించింది ఆ కాలంలోనే, అదీ నేనే. కానీ కొనేవాళ్ళ మధ్యలోకి వాడే మనిషి వచ్చి నిలబడి, పదిమంది నవ్వినా సరే నోరు తెరవడానికి అప్పుడు ఒక ఆవరణ ఉండేది. నిన్న ఉండబట్టలేక మా చెల్లెలి కూతురికి ఫోన్ చేశాను. వాళ్ళ ఊళ్ళో గుంతల్లోకి దిగేది ఎవరు, ఏ ఊరివాడు, ఒక్కడే దిగుతాడా, ఎవరైనా తోడుంటారా అని అడిగాను. దానికి తెలియదట.