కాగబెట్టినవాడే ముందు

ఆళ్లగడ్డలో నింపుకున్న సీసా రుద్రవరం దాటి నేను అడవిలో నడుస్తుండగా మధ్యాహ్నానికే ఖాళీ అయింది. వాగులో ఒక మడుగు అద్దంలా మెరుస్తోంది. దోసిలి ముంచబోతుంటే వెనక నుంచి ఎవరో అరిచారు.

"తాగొద్దప్పా! ఎప్పటి నీళ్లో అవి."

మేకలు కాసే ముసలాయన. వాగు పక్కన ఇసుకలో చేతులతోనే చెలమ తీశాడు. ఊరిన బురదనీళ్లు మూడుసార్లు తోడి పారబోశాడు. నాలుగోసారి ఊరినవి తలగుడ్డతో వడగట్టి, సత్తుగిన్నెలో పోసి పొయ్యి రాజేశాడు. చితుకుల పొగా, గిన్నెలోని ఆవిరీ, ఆకుల్లోంచి జారే ఎండా ఒకదాంట్లో ఒకటి కరిగిపోతున్నాయి. మేకల గంటలు దగ్గరికొచ్చి దూరమవుతున్నాయి. నేను మెలకువగానే ఉన్నానా అనిపించింది.

నీళ్లు తెర్లి, చల్లారాయి. చెయ్యి చాపాను. ఆయన నా వైపు చూడనైనా చూడకుండా గిన్నె ఎత్తి తన నోట్లో పోసుకున్నాడు. మా వైపైతే, ఇంటికి వచ్చినవాళ్ల దాహం తీరాకే ఇంటివాళ్లు తాగుతారు. మనసు చివుక్కుమంది.

"నాకివ్వవా పెద్దాయనా?"

"అడివిలో కాగబెట్టినోడే ముందు తాగాల. నేను తాగని నీళ్లు నీకెట్ల ఇచ్చేదప్పా?" అంటూ గిన్నె నా చేతిలో పెట్టాడు.

చెడ్డ నీళ్లు తాగినా కడుపు జబ్బు అప్పటికప్పుడు బయటపడదని నాకు తెలుసు. ఆ మాట చెప్పకుండా తాగాను. పొగ వాసనతో, గోరువెచ్చగా ఉన్నాయి.

ఇప్పుడు మా ఇంటికి ఎవరొచ్చినా చెంబెత్తి ముందు ఒక గుక్క నేను పోసుకుంటాను, తర్వాతే వాళ్ల గ్లాసు నింపుతాను. నాకు మర్యాద తెలియదని మా ఆవిడ అంటుంది.